మీరు ఫ్రీయే కదా

ఉద్యోగం మానేసిన మూడో రోజున నేను ఫ్రీ అయ్యానని నాకు తెలిసింది. ఆ సంగతి చెప్పింది మా అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో ఉండే గుజరాతీ ఆవిడ. లిఫ్టులో కనబడి, నా చేతిలో పరీక్ష పేపర్ల కట్టకు బదులు తోటకూర కట్ట ఉండడం గమనించి, ఎంతో ఆప్యాయంగా అడిగింది.

"తమే హవే ఫ్రీ ఛో నే?"

మీరిప్పుడు ఫ్రీయే కదా అని. నేను దాన్ని ప్రశ్న అనుకుని అవునన్నాను. అది ప్రశ్న కాదు, నా మీద జారీ అయిన ఆర్డరు అని అర్థం కావడానికి నాలుగు నెలలు పట్టింది.

పద్నాలుగేళ్లు సూరత్‌లో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పాను. ఏటా వానలు మొదలయ్యే రోజుల్లో ఏడో తరగతికి విశేషణాల పాఠం వచ్చేది. నామవాచకం ముందు నిలబడి దాని గుణం చెప్పేది విశేషణం అని బోర్డు మీద రాసేదాన్ని. ముందు నిలబడ్డ ఆ చిన్న మాట వెనకున్న మనిషినే మార్చేస్తుందని సిలబస్‌లో లేదు, నేనూ చెప్పలేదు. చివరి ఏడాది యాజమాన్యం నాచేత పాఠాలతో పాటు బస్సు డ్యూటీ చేయించింది, ఎండాకాలంలో ఇంటింటికీ తిప్పి అడ్మిషన్లు అడిగించింది. ఒకరోజు ప్రిన్సిపాల్ టేబుల్ మీద కాగితం పెట్టి వచ్చేశాను. ఇంటికొచ్చి ఫ్యాను కింద కూర్చుంటే ఎంత హాయిగా అనిపించిందంటే, ఇక నా టైము నాదే అనుకున్నాను. అంత చదువుకున్నదాన్ని, అంత తెలివితక్కువగా.

నిజానికి ఈ మాటతో నాకు పాత పరిచయమే. మా నాన్న తెలంగాణ నుంచి వచ్చి పాండేసరాలో సాంచెలు నడిపేవాడు. సాంచె అంటే మా వాళ్ల మాటలో కరెంటు మగ్గం. ఆ పక్కనే వడోద్ బస్తీలో ఒకే గదిలో ఐదుగురం ఉండేవాళ్లం. అమ్మ ఆ గది గుమ్మంలో కూర్చుని కొత్త చీరలకు వేలాడే దారాలు కత్తిరించేది, చీరకు ఇంత అని కూలి. ఆ గదిలోకి మొదట వచ్చిన ఇంగ్లీషు మాట ఫ్రీ. సబ్బుపొడి ప్యాకెట్లు ఆరు కొంటే ప్లాస్టిక్ బకెట్ ఫ్రీ అని కిరాణా కొట్టు ముందు అట్ట వేలాడదీశారు. అమ్మ ఆరూ కొన్నది. బకెట్ పిడి రెండో వారంలో ఊడిపోయింది. సబ్బుపొడి మాత్రం దీపావళి దాకా వచ్చింది.

మున్సిపాలిటీ తెలుగు బడిలో చేరాక ఇంగ్లీషు గైడులో అదే మాట మళ్లీ ఎదురైంది. ఫ్రీ అంటే స్వేచ్ఛ గల, బంధనములు లేని అని ఉంది. పక్కనే రెక్కలు చాపిన పక్షి బొమ్మ. బకెట్‌కూ పక్షికీ సంబంధం ఏమిటో నాకు అంతుపట్టలేదు. స్పెల్లింగు ఒకటే అయిన రెండు వేరే మాటలు కాబోలు అనుకున్నాను. తర్వాత ఇంగ్లీషు ఎమ్మే చదివేటప్పుడు పెద్ద డిక్షనరీలో చూస్తే ఆ ఒక్క మాటకే బారెడు అర్థాలున్నాయి. అయినా మనవాళ్లు వాడే అర్థాల్లో సగం అందులో లేవు. దర్జీకి జాకెట్టిచ్చి చంకల దగ్గర ఫ్రీగా కుట్టమంటాం. పెళ్లికి జడ వేసుకోకపోతే ఫ్రీ హెయిర్ అంటాం.

అన్నిటికంటే ముఖ్యమైన అర్థం నాకు ఇరవై మూడో ఏట తెలిసింది. సూరత్‌లోనే ఉన్న మా వాళ్లింటి నుంచి ఒక సంబంధం వచ్చింది. అంతా కుదిరిందనుకుంటుండగా కబురొచ్చింది. "పిల్ల మంచిదే. గని అందరితోని ఫ్రీగ మాట్లాడ్తదట." కాలేజీ బస్‌స్టాపులో నేనొక క్లాస్‌మేట్‌తో నోట్సు గురించి మాట్లాడుతూ నవ్వానట, వాళ్ల చుట్టం ఎవరో చూశారట. గైడులో పక్షికిచ్చిన మాటే నాకిచ్చారు, సంబంధం తప్పింది. నాన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన ఫ్రీగా మాట్లాడే మనిషి కాదు మరి.

ఆ తర్వాత రెండేళ్లకు, నవ్వుతూ మాట్లాడే పిల్లే కావాలన్న ఒక కరీంనగర్ ఇంజినీరుతో పెళ్లైంది. సూరత్ శివార్లలో కామ్‌రేజ్ దాటాక ఉన్న ఒక దారం ఫ్యాక్టరీలో ఆయన మేనేజరు. అందుకే కామ్‌రేజ్‌లోనే ఫ్లాటు తీసుకున్నాం. మా ఆయన మంచివాడు. మంచివాళ్లతో వచ్చే చిక్కే ఆయనతోనూ ఉంది, ఎవరికీ లేదనడు. తనవి కానివి కూడా ఇచ్చేస్తాడు. అమ్మాయి వడోదరలో హాస్టల్లో చదువుతోంది. కాబట్టి బడి మానేసేనాటికి అందరి లెక్కలోనూ నేను రెండుసార్లు ఫ్రీ.

నాలుగో అంతస్తు ఆవిడ భర్తకు వరాఛాలో వజ్రాలు సాన పట్టే చిన్న కార్ఖానా ఉంది. ఆవిడ కొత్తగా ఫోన్లో కుర్తీలు అమ్మడం మొదలుపెట్టింది. సూరత్‌లో ఏ ఇంట్లో మంచం కింద చూసినా ఏదో ఒక వ్యాపారం ఉంటుంది. ఆవిడ మంచం కింద కుర్తీల మూటలు. ఒక్కో కుర్తీ ఫొటో కింద ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసిపెట్టమంది.

"దీదీ, మీకు రెండు నిమిషాల పని," అంది హిందీలో.

ఎదుటివాళ్ల పని ఎప్పుడూ రెండు నిమిషాలే పడుతుంది. మొదటి మూట విప్పి చూస్తే అన్నిటికీ ఫ్రీ సైజ్ అని చీటీలున్నాయి.

"ఫ్రీ సైజ్ అంటే ఎంత?" అన్నాను.

"అంటే అందరికీ."

"అందరూ అంటే ఎవరు?"

ఆవిడ నన్ను జాలిగా చూసి, ఒకటి వేసుకుని చూడమంది. వేసుకున్నాను. భుజాల దగ్గర పట్టేసి, చేతులు రెండూ ఎవరికో లొంగిపోయినట్టు పైనే ఉండిపోయాయి. ఆవిడే వచ్చి లాగింది. తర్వాత అదే కుర్తీ ఆవిడ వేసుకుంటే లోపల ఇంకో మనిషికి చోటుంది. "మీరు కొంచెం హెల్దీ కదా దీదీ," అంది. లావంటే బాగుండదని కాబోలు, నాకు ఆరోగ్యం అంటగట్టింది. మళ్లీ ఇంకో విశేషణం. ఆ రోజు నేను అన్ని కుర్తీల కిందా, ఎవరికైనా చక్కగా అమరుతుందని, మాంచి ఇంగ్లీషులో రాసిచ్చాను. చంకలో కుట్టు పిగిలిన కుర్తీ పక్కనే ఉంది.

తర్వాత కొన్నవాళ్ల నుంచి మెసేజీలు రావడం మొదలైంది. చెయ్యి దూరలేదని ఒకావిడ. ఇందులో నేనూ మా అత్తగారూ కలిసి పడతామని ఇంకొకావిడ. వాళ్లకు జవాబులివ్వడం కూడా నా రెండు నిమిషాల్లోకి వచ్చి చేరింది.

"సారీ అని బాగా రాయండి దీదీ. వాపస్ మాట మాత్రం రాయకండి. మీకు ఇంగ్లీష్ వచ్చు కదా."

ఇంగ్లీషు అంటే ఆవిడ దృష్టిలో, ఏమీ ఇవ్వకుండా క్షమాపణ చెప్పే భాష. ఆలోచిస్తే అదేమంత తప్పు అభిప్రాయం కూడా కాదు. మా బడివాళ్లు ఫీజుల గురించి తల్లిదండ్రులకు రాసే ఉత్తరాలు పద్నాలుగేళ్లు దిద్దింది నేనే.

ఇంతలో ఒక సాయంత్రం మా ఆయన బూట్లు విప్పుకుంటూ అన్నాడు.

"మా సార్ వాళ్ల పాప టెన్త్. ఇంగ్లీష్‌ల జర వీక్ ఉందట. పంపిస్తమంటే సరే అన్న."

"నన్ను అడగకుండానే?"

"నువ్వు ఫ్రీయే గదా."

"నేను ఫ్రీ అని మీకెవరు చెప్పిండ్రు?"

ఆయన నిజంగానే తికమకపడ్డాడు. "ఇంట్లనే ఉంటున్నవ్ గదా," అన్నాడు. ఆయన కూడా ఆదివారాలు ఇంట్లోనే ఉంటాడు. ఆ రోజు ఆయన ఫ్రీ కాదు, రెస్టు.

ఆ పాప రోజూ ఐదింటికి రావడం మొదలుపెట్టింది. సొసైటీ కమిటీవాళ్లు నోటీసులు ఇంగ్లీషులో రాయమని పంపారు. మా మరిది కూతురు కాలేజీ ప్రాజెక్టు మొత్తం ఫోన్లోకి వచ్చిపడింది, "పెద్దమ్మా, నువ్వు ఫ్రీ అయినంక చూడు" అని. బడికి వెళ్లే రోజుల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు టిఫిన్ డబ్బా తెరిచేదాన్ని. ఫ్రీ అయ్యాక మూడున్నరకు తింటున్నాను. దాంతో కడుపు మొరాయించి, ఉధనాలో ఉన్న మన తెలుగు డాక్టరు దగ్గరికి వెళ్లాను. పొట్ట నొక్కి చూసి ఆయన అడిగాడు.

"మోషన్ ఫ్రీగా అవుతోందా అమ్మా?"

"మా ఇంట్లో అదొక్కటే అవడం లేదండీ. మిగతావన్నీ ఫ్రీయే."

డాక్టరు నవ్వలేదు. మందు రాస్తూ, "ఇంట్లో ఫ్రీగానే ఉంటున్నారుగా, పొద్దున్నే ఒక గంట నడవండి," అన్నాడు. ఆ గంట ఎక్కడుందో చీటీలో రాయలేదు.

వానలు తగ్గాక అమ్మ కుడికన్నుకు ఆపరేషన్ అయింది. వడోద్‌లో తమ్ముడింట్లో మెట్లెక్కి దిగడం కష్టమని నా దగ్గరికి తెచ్చుకున్నాను. "అక్కా, నువ్వెట్లాగు ఫ్రీయే," అన్నాడు తమ్ముడు. ఈసారి కోపం రాలేదు. అమ్మ రావడం నాకు ఇష్టం. నాన్న పోయాక ఆమె నా దగ్గర వారం కూడా ఉండలేదు, పని పోతుందని.

నల్లద్దాలు పెట్టుకుని అమ్మ బాల్కనీ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది. టీవీ చూడొద్దన్నారు కాబట్టి నన్ను చూసేది. రెండు రోజులు చూసింది. మూడో రోజు నేను ఒక చేత్తో పప్పు గిన్నె దించుతూ ఇంకో చేత్తో కుర్తీ కొన్నవాళ్లకు సారీ కొడుతుంటే అడిగింది.

"బిడ్డా, నౌకరి ఇడిసిపెట్టిన అంటివి. మల్ల గీ నౌకరి ఎవలది?"

"నౌకరి కాదమ్మ. పైన గుజరాతీ బెన్‌కు జర సాయం."

"నెలకెంత?"

"సాయం జేస్తె నెలకెంత అంటవేందమ్మా."

"గట్లనా. మల్ల ఆమె నీకేం సాయం జేస్తది?"

ఆలోచించాను. ఒకసారి డబ్బా నిండా ఖమణ్, అదే డోక్లా లాంటిది, పంపింది. ఆ డబ్బా కడిగి, ఊరికే ఇవ్వకూడదని అందులో సకినాలు పోసి తిరిగిచ్చాను. ఆ మాటే అమ్మకు చెప్పాను. అమ్మ నల్లద్దాలు సవరించుకుంది.

రెండు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం నాలుగో అంతస్తు ఆవిడ పెద్ద సంచీతో దిగింది. నలభై కుర్తీలు. ఎక్కడ చూసినా దారాలు వేలాడుతున్నాయి. దారాలు కత్తిరించే మనిషి రాలేదట, సాయంత్రానికి పార్సిళ్లు వెళ్లాలట.

"మీరు ఫ్రీయే కదా దీదీ. మమ్మీ కూడా ఊరికే కూర్చునే ఉన్నారు," అని సంచీ గుమ్మంలో పెట్టి, లిఫ్టు వెళ్లిపోతుందని పరిగెత్తింది.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఐదింటికి పాప వస్తుంది, కమిటీ నోటీసు రాయాలి, అన్నం తినలేదు. సంచీ ఈడ్చుకెళ్లి అమ్మ కుర్చీ పక్కన పెట్టాను. చిన్న కత్తెర తెచ్చి చేతికిచ్చాను.

"అమ్మా, నువ్వు ఫ్రీగనే కూసున్నవ్ గదా. జర గీ దారాలు కత్తిరియ్యరాదు?"

ఆపరేషన్ అయిన కంటితో సన్నపని చేయించకూడదని డాక్టరు చెప్పినప్పుడు పక్కన నిలబడి తలూపింది నేనే.

అమ్మ కుర్తీ ఒడిలో పెట్టుకుంది. చూడలేదు, బొటనవేలితో అంచంతా తడిమింది. తిరగేసి చంక దగ్గర కుట్టు తడిమింది. దారాలెన్నో వేళ్లకే తెలిసిపోయాయి. కత్తెర పక్కన పెట్టి అడిగింది.

"పీసుకెంత?"

నేను నవ్వాను. వేళాకోళం అనుకున్నాను. అమ్మ నవ్వలేదు.

"నవ్వుడెందుకు? నలబై ఏండ్లు జేసిన గీ పని. గా చీరల సేటు నన్ను లూటి జేసిండు, అది నిజమే. తక్వ ఇచ్చిండు, ఆలిశం జేసిండు, మరకుందని కోసుకున్నడు. గని ఫ్రీగ జెయ్యి అననీకె ఆనికి దైర్నం లేకుండె. నా కడుపుల పుట్టి, గింత ఇంగ్లీషు జదివి, నువ్వంటివి."

కుర్చీ పక్కన నేల మీద కూర్చుండిపోయాను. పైనింటి ఆవిడా, మొగుడూ, మరిది కూతురూ, తమ్ముడూ నన్ను అన్న మాటే నేను అమ్మను అన్నాను. వాళ్ల మీద నాలుగు నెలలుగా కోపం దాచుకుంటున్నదాన్ని, అమ్మను అనేటప్పుడు నోరు కూడా తడబడలేదు.

"తప్పయిందమ్మా," అన్నాను.

"నీ తప్పు గంతనే. ఆమె ఇల్లు ఏ మాలా?"

అంటే ఎన్నో అంతస్తు అని. వద్దని చెబుతున్నా వినకుండా లేచింది. చీర కుచ్చిళ్లు దులుపుకుంది. సంచీ నాచేత మోయించి, నల్లద్దాలతోనే లిఫ్టెక్కింది. నాలుగో అంతస్తు ఆవిడ తలుపు తీసి, మా ఇద్దరినీ సంచీనీ చూసి, పని అయిపోయిందనుకుని మొహం విప్పార్చుకుంది. అమ్మ లోపలికి వెళ్లి సోఫాలో కూర్చుని, సూరత్‌లో నలభై ఏళ్లుగా నేర్చుకున్న హిందీలో అడిగింది.

"బెన్, ధాగా కటింగ్ కా ఏక్ పీస్ కా క్యా భావ్ హై?"

దారం కత్తిరింపు పీసుకెంత అని. ఆవిడ నవ్వేసింది. "అరే మాసీ, ఏ తో ఘర్ కా కామ్ హై!" ఇంటిపని కదా అని.

"కిస్‌కే ఘర్ కా?" అంది అమ్మ. ఎవరింటిపని అని.

సిగ్గుతో నేను గోడకున్న కృష్ణుడి పటం చూస్తున్నాను. ఇక ఈ అపార్ట్‌మెంటులో తలెత్తుకు తిరగలేమనుకున్నాను. కానీ నేననుకున్నదేదీ జరగలేదు. అమ్మ ఒక రేటు చెప్పింది. రేటు అనే మాట చెవిన పడగానే ఆ గుజరాతీ ఆవిడ భుజాలు ఒక్కసారి తేలికయ్యాయి. సోఫాలో ముందుకు జరిగి, అంత ఎక్కడుంది మాసీ అంది. అమ్మ రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లో ఎంత నడుస్తోందో చెప్పింది. ఆవిడ తగ్గించింది. అమ్మ కుర్తీ తిప్పి, చంకలో దారాలు చూపించి, పెంచింది. టీ వచ్చింది. ఐదు నిమిషాల్లో బేరం కుదిరింది. నాలుగు నెలల్లో ఆవిడ నాతో అంత ఇష్టంగా మాట్లాడడం నేనెన్నడూ చూడలేదు. నా దగ్గర ఆవిడ అడుక్కుంటున్నట్టు నవ్వేది. అమ్మతో సమానంగా కూర్చుంది.

బేరం కుదిరాక అమ్మ లేచి నిలబడింది. "మేరే కో ఆంఖ్ కా ఆపరేషన్ హువా హై, మై నై కర్తీ. మా గల్లీలకెల్లి ఇద్దరు ఆడోళ్లను పంపిస్త." నా కంటికి ఆపరేషన్ అయింది, నేను చెయ్యను అని. చివరి ముక్క తెలుగులోనే అన్నా, ఆవిడకు అర్థమైంది. తలూపింది.

తర్వాత అమ్మ నా వైపు తిరిగింది. "నీ ఇంగ్లీషుకెంతో నువ్వే చెప్పు. గది నాకు రాదు."

పద్నాలుగేళ్లు నలభై మంది పిల్లల ముందు గొంతు చించుకున్నదాన్ని, ఆ సోఫా ముందు ఖాళీ టీ కప్పు రెండుసార్లు నోటి దాకా తీసుకెళ్లాను. చివరికి ఒక అంకె చెప్పాను. ఆవిడ మొహం ముడుచుకుంది. "మనం ఫ్రెండ్స్ కదా దీదీ," అంది. "ఫ్రెండ్సే," అన్నాను. ఆలోచించి చెబుతానంది.

లిఫ్టులో అమ్మ నన్ను తిట్టింది. "గంత తక్వ జెప్తరా? ఇజ్జత్ తీస్తివి."

ఆవిడ ఆలోచన మూడు వారాలు సాగింది. ఈలోగా అపార్ట్‌మెంటు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో నేను భావ్ ఖాయ్ ఛే అని ఎవరో అన్నారని ఇంకెవరో చెప్పారు. గుజరాతీలో భావ్ అంటే ధర. ధర తింటోంది అంటే టెక్కు చూపిస్తోందని అర్థం. ఊరికే చేసినన్నాళ్లు నేనేం తిన్నానో, ఎన్నింటికి తిన్నానో ఎవరూ పట్టించుకోలేదు. ధర అడిగిన రోజున అదే తింటున్నానన్నారు. కమిటీవాళ్లు నోటీసులు గుజరాతీలో రాసుకోవడం మొదలుపెట్టారు. ఇంగ్లీషు నోటీసులు ఎవరూ చదివేవాళ్లు కాదట, ఇప్పుడు అందరూ చదువుతున్నారు.

ఇక మిగిలింది మా ఆయన. నెల ఫీజు ఇంత అని వాళ్ల సారుకు చెప్పమన్నాను.

"సార్‌కు ఎట్ల చెప్పాలె? ఏమనుకుంటరు?"

"మీరు చెప్పకుంటె నేనే ఫోన్ చేసి ఫ్రీగ మాట్లాడ్త. నాకు పాత అలవాటే."

రెండు రోజులు టీ తాగుతూ గోడకేసి చూశాడు. మూడో రోజు నుంచి పాప రావడం మానేసింది. చెప్పేశాడన్నమాట, ధైర్యం చేశాడు అని ముచ్చటపడి ఆ రాత్రి వంకాయ కూర చేశాను. నెల తర్వాత వాళ్ల సార్ భార్య ఫోన్ చేసి, ఎంతో ఆందోళనగా, "ఇప్పుడు మీ నడుం ఎలా ఉంది? లేచి నడుస్తున్నారా?" అని అడిగింది. నా నడుం విరిగిన సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఫీజు అడగడం కంటే పెళ్లాన్ని మంచాన పడేయడం ఆయనకు సులువైంది.

నడుం బాగానే ఉందండీ, సాయంత్రాలు క్లాసు మొదలుపెట్టాను, ఫీజు ఇంత అన్నాను. "ముందే చెప్పొచ్చు కదండీ. ఊరికే పంపాలంటే మాకే మొహమాటంగా ఉండేది," అంది ఆవిడ. ఆ సోమవారం నుంచి పాప మళ్లీ వచ్చింది. మా ఆయన మాత్రం ఫ్యాక్టరీలో ఇప్పటికీ నా నడుం గురించి జవాబులు చెప్పుకుంటున్నాడు. ఈ మధ్య సారు ఏదో నూనె పేరు కూడా చెప్పాడట.

నాలుగో అంతస్తు ఆవిడ కుర్తీలు వదిలేసి దుప్పట్లలోకి దిగింది. మంచాలు చెయ్యి దూరలేదని మెసేజీలు పెట్టవు. ఇంగ్లీషు ముక్కల కోసం మళ్లీ వచ్చింది, కవరు తెచ్చి ముందుగానే టేబుల్ మీద పెట్టింది. నేను అడిగిన దాంట్లో మూడొంతులే ఉంది. మిగతాదానికి ఒక దుప్పటి ఫ్రీ అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తీసుకున్నాను. దుప్పటి మంచిదే. అమ్మ గల్లీ నుంచి వచ్చే ఇద్దరు ఆడవాళ్లు ఆవిడింట్లో దారాలు కత్తిరిస్తున్నారు, రేటు అమ్మ కుదిర్చిందే.

కన్ను నయమై అమ్మ వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఐతారం ఐతారం మా గల్లీ పొల్లగాండ్లకు ఇంగ్లీషు చెప్పరాదు? ఆళ్లు పైసలేడికెల్లి ఇస్తరు?" అంది. నా మొహం చూసి తనే అంది, "నిన్ను ఫ్రీగ జెయ్యుమంటలే. జేస్తవా అని అడుగుతున్న." తేడా చెప్పమంటే వ్యాకరణ ప్రకారం చెప్పలేను కానీ, తేడా ఉంది. ఉద్యోగం మానేశాక నన్ను చేస్తావా అని అడిగిన మొదటి మనిషి ఆమె. ఆదివారాలు వడోద్ వెళ్తున్నాను. ఆ పిల్లలకు తెలుగులో చెబితే హిందీలో అడుగుతారు, హిందీలో చెబితే గుజరాతీలో జవాబిస్తారు, ఇంగ్లీషులో ఏదైనా అంటే నవ్వుతారు. నాకు నచ్చింది.

ఇదంతా అయ్యాక నేను పూర్తిగా బాగుపడ్డానని రాయాలని ఉంది. పోయిన వారం అమ్మాయికి ఫోన్ చేశాను. దీపావళి సెలవులు ఇరవై రోజులున్నాయి కదా, వచ్చి నా క్లాసు పిల్లల పేపర్లు దిద్దిపెట్టు, ఎలాగూ ఫ్రీయే కదా అన్నాను.

"మమ్మీ, మై ఫ్రీ నహీ హూఁ. నాకు ప్రాజెక్ట్ ఉంది, ఫిర్ ఫ్రెండ్స్‌తో ప్లాన్ ఉంది. నువ్వు అడగకుండనే ఎట్ల అనుకుంటవ్?"

మనసు చివుక్కుమంది. ఈ కాలం పిల్లలకు తల్లి కోసం రెండు నిమిషాలు లేవు. ఆ మాటే చెప్పుకుందామని వడోద్‌కు ఫోన్ చేశాను. అమ్మ అంతా ఓపిగ్గా విన్నది. వెనక నుంచి కుక్కర్ కూత, ఎవరో ఆమెను పిలుస్తున్న మాట వినబడుతున్నాయి.

"మంచిగన్నది పిల్ల," అంది. "నాకు పనున్నది బిడ్డా, పెడుతున్న."